పవర్ టూల్స్‌కు బ్లూటూత్ ట్యాగ్: ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి, పోతే ఏం చేయాలి

బ్లూటూత్ ట్యాగ్‌లో జీపీఎస్ ఉండదు, సిమ్ కార్డూ ఉండదు. కాసేపటికోసారి తన గుర్తింపు సంకేతాన్ని గాల్లోకి వదలడమే దాని పని. పక్కనుంచి వెళ్తున్న ఎవరి ఫోనో ఆ సంకేతాన్ని అందుకుని, తానున్న చోటును దానికి జతచేసి కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. మీ యాప్‌లో మ్యాపు మీద కనిపించే చుక్క అలా వచ్చిందే. ఆ ఫోను ఎవరిదో మీకు తెలియదు, తన ఫోను ఈ సాయం చేసిందని ఆయనకూ తెలియదు.

అందుకే డ్రిల్లింగ్ మిషన్‌కో మార్బుల్ కట్టర్‌కో ట్యాగ్ కొనేటప్పుడు అట్టపెట్టె మీద రాసిన రేంజి చూసి మోసపోవద్దు. "120 మీటర్లు" అని ఉంటే అది అడ్డంకుల్లేని మైదానం లెక్క. ఇటుక గోడలు, ఇనుప చువ్వల స్లాబులు ఉన్న సైటులో పది పదిహేను మీటర్లు దొరికితే చాలనుకోవాలి. అసలు చూసుకోవాల్సింది మీ సామాను ఉండే చోట, పోతే అది చేరే చోట ఎలాంటి ఫోన్లు తిరుగుతాయన్నదే.

ఇంకో సంగతి కూడా కొనకముందే తెలిసి ఉండాలి. ఈ ట్యాగ్‌లను మరిచిపోయిన వస్తువు దొరకడం కోసం తయారు చేశారు, దొంగను వెంబడించడం కోసం కాదు. సైటులో "పోయింది" అనుకున్న మిషన్ చాలాసార్లు నాలుగో అంతస్తు బాత్రూమ్‌లోనో, ప్లంబర్ల సామానులోనో, వేరే సైటుకు వెళ్లిన లోడు ఆటోలోనో ఉంటుంది. అలాంటి వెతుకులాటకు ట్యాగ్ చాలా బాగా పనికొస్తుంది. దొంగతనమైతే మాత్రం మొదటి కొన్ని గంటల్లోనే దానివల్ల ఎక్కువ ఉపయోగం. ఎందుకో కింద చెప్తాం.

ఏ నెట్‌వర్క్ మీకు సరిపోతుంది

యాపిల్ ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చింది. అప్పటి ధర ఒకటి 3,190 రూపాయలు, నాలుగింటి ప్యాకు 10,900. ఐఫోన్ ఉన్నవాళ్లే దీన్ని వాడగలరు. చుట్టుపక్కల తిరిగే ఐఫోన్లు దీన్ని గుర్తిస్తాయి. గచ్చిబౌలి, కొండాపూర్, విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోట్ల అపార్టుమెంట్ల మధ్య పని చేసేవాళ్లకు ఇది గట్టి ఎంపిక. ఐఫోన్ 11, ఆ తర్వాత వచ్చిన చాలా మోడళ్లలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ ఉంటుంది కాబట్టి గోదాములో సామాను గుట్ట కింద ఉన్న మిషన్ ఎటువైపు, ఎన్ని అడుగుల దూరంలో ఉందో బాణం గుర్తుతో చూపిస్తుంది. ఐఫోన్ ఎస్ఈ మోడళ్లలో, 16ఈలో ఆ చిప్ లేదు. వాటిలో యాప్ నుంచి మోగిస్తే ట్యాగ్ చేసే కూత మీదే ఆధారపడాలి.

శాంసంగ్ గెలాక్సీ స్మార్ట్‌ట్యాగ్ 2 ధర 2023లో వచ్చినప్పుడు 2,799 రూపాయలు. గెలాక్సీ ఫోన్‌తోనే నడుస్తుంది, దాన్ని కనిపెట్టేవి కూడా గెలాక్సీ ఫోన్లే. బ్యాటరీ మామూలుగా 500 రోజులు, పవర్ సేవింగ్ మోడ్‌లో 700 రోజులు వస్తుందని కంపెనీ చెప్తుంది. దీని ఆకారమే ఒక రింగు. జిప్ టై గానీ స్టీలు తీగ గానీ నేరుగా దూర్చి కట్టేయొచ్చు, వేరే కేసు కొనక్కర్లేదు. పవర్ టూల్స్‌కు ఇది చిన్న సౌకర్యం కాదు.

గూగుల్ నెట్‌వర్క్ 2024 ఏప్రిల్‌లో మొదలైంది, 2025లో పేరు ఫైండ్ హబ్‌గా మారింది. ఆండ్రాయిడ్ 9, ఆపైన ఉన్న ఫోన్లు ఇందులో పాలుపంచుకుంటాయి. మన దగ్గర మేస్త్రీ చేతిలో, ఎలక్ట్రీషియన్ చేతిలో, వాచ్‌మన్ చేతిలో ఉండేది ఎక్కువగా ఆండ్రాయిడే కాబట్టి ఇదే ఉత్తమం అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫోన్లలో ముందే పెట్టి ఇచ్చే సెట్టింగు "జనం ఎక్కువున్న చోట్ల మాత్రమే". అంటే ఒక ట్యాగ్‌ను పలు ఫోన్లు గుర్తిస్తేనే గూగుల్ ఆ చోటు మీకు చూపిస్తుంది. ఊరి చివర వెంచర్‌లో రాత్రిపూట వాచ్‌మన్ ఫోను ఒక్కటే ఉంటే చుక్క కదలదు. దీనికి విరుగుడు ఉంది, అది సెట్టింగుల దగ్గర చెప్తాం.

జియో ట్యాగ్ ఎయిర్ యాపిల్ నెట్‌వర్క్‌లో, జియో ట్యాగ్ గో గూగుల్ నెట్‌వర్క్‌లో పనిచేస్తాయి. రెండూ 2024లో 1,499 రూపాయలకు వచ్చాయి. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకటి అనుకుని ఇంకోటి కొనేస్తుంటారు, చూసి తీసుకోండి. ఇలా యాపిల్ లేదా గూగుల్ నెట్‌వర్క్‌ను వాడుకునే ఇతర కంపెనీల ట్యాగ్‌లు చాలానే ఉన్నాయి. రెంటికీ పనికొస్తుందని రాసినా ఒక సమయంలో ఒకదానికే జత చేయాలి.

ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకు దొరికే ఐట్యాగ్ లాంటి కీచైన్ బిళ్లలను మాత్రం కొనకండి. అవి మీ ఒక్క ఫోనుతోనే మాట్లాడతాయి. మీ ఫోను రేంజి దాటాయంటే ఇక వాటి ఊసు ఉండదు. పెట్టె మీద యాపిల్ "ఫైండ్ మై" గానీ గూగుల్ "ఫైండ్ హబ్" గానీ స్పష్టంగా ఉందో లేదో చూసి తీసుకోవాలి. పాత స్టాకు మీద "ఫైండ్ మై డివైస్" అని ఉండొచ్చు, అదీ గూగుల్‌దే.

టూల్ కంపెనీల సొంత ఏర్పాట్లూ ఉన్నాయి. మిల్వాకీ వన్-కీ యాప్‌తో కొన్ని బ్యాటరీ టూల్స్‌ను ఫోను నుంచే లాక్ చేయొచ్చు. ట్యాగ్‌లన్నీ చోటు మాత్రమే చెప్తే ఇది మిషన్‌నే పనికిరాకుండా చేస్తుంది, అందుకే అమెరికాలో పెద్ద సైట్లలో దీనికి ఆదరణ. బాష్ జీసీవై 42 మాడ్యూల్, దానికోసం చోటు వదిలి తయారు చేసిన బ్యాటరీ టూల్స్‌లోనే కూర్చుంటుంది. హిల్టీ ఆన్‌ట్రాక్ వందల పనిముట్లున్న కంపెనీలు స్టోర్ రికార్డు కోసం వాడేది. ఎవరి దగ్గర ఏ మిషన్ ఉంది, సర్వీసింగ్ ఎప్పుడు అన్నది కూడా అందులోనే రాసుకోవచ్చు. మన చిన్న కాంట్రాక్టర్ల దగ్గర ఉండేవి ఎక్కువగా వైరు మిషన్లు, అవీ నాలుగైదు కంపెనీలవి. వాళ్లకు ఈ మూడూ నప్పవు. పైగా ఇలాంటి యాపుల నెట్‌వర్క్ ఆ యాప్ వేసుకున్న ఫోన్లకే పరిమితం, మన వీధుల్లో అవి ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

జనరేటర్, వెల్డింగ్ సెట్, కాంక్రీట్ మిక్సర్ లాంటి పెద్ద సామానుకు సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకరే మేలు. అది చుట్టూ ఎవరి ఫోనూ లేకపోయినా తనే కబురు పంపుతుంది. నెలనెలా రీచార్జి, బ్యాటరీ చార్జింగు తప్పవు. చేతి మిషన్లకు అంత పెద్ద పెట్టె పట్టదు.

లెక్క తేలడానికి ఒక పద్ధతి పెట్టుకోండి. రెండు మూడు వేల నాలుగంగుళాల గ్రైండరుకు విడిగా పదిహేను వందల ట్యాగ్ దండగ. అలాంటి చిన్న మిషన్లన్నిటికీ కలిపి ఒక బ్యాగు, ఆ బ్యాగుకు ఒక ట్యాగ్. రోటరీ హ్యామర్, బ్రేకర్, లేజర్ లెవెల్, టైల్ కట్టర్, బ్యాటరీ కిట్ పెట్టెలకు విడివిడిగా పెట్టండి.

ఎక్కడ, ఎలా బిగించాలి

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మొదటి నియమం, మిషన్ విప్పి లోపల పెట్టొద్దు. చేతి మిషన్ల మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది, డబుల్ ఇన్సులేషన్ అని దానర్థం. లోపల కార్బన్ బ్రష్‌లు అరిగి రాలే పొడి కరెంటును ప్రసరింపజేస్తుంది. అక్కడ ఇంకో లోహపు వస్తువును దూర్చితే ఆ ఇన్సులేషన్ భద్రతనే దెబ్బతీసినట్టు. వారంటీ ఎలాగూ పోతుంది.

బయట పెట్టేటప్పుడు మోటారుకు గాలి పీల్చే సందులు మూయకూడదు. గ్రైండరులో అవి వెనక భాగంలో, వైరు వచ్చే వైపు ఉంటాయి. ముందున్న గేర్ తల అల్యూమినియం, వేడెక్కుతుంది, అక్కడా వద్దు. డ్రిల్లుకైతే పిడి అడుగు భాగం మంచిది. బ్యాటరీ డ్రిల్లుకు బ్యాటరీ మీద కాకుండా మిషన్ బాడీ మీదే ఉండాలి. బ్యాటరీలు ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు మారుతూనే ఉంటాయి కదా.

ఎయిర్‌ట్యాగ్‌ను ఏ వైపు తిప్పి పెట్టారన్నది కూడా ముఖ్యం. సంకేతాలు పంపే యాంటెన్నాలు తెల్ల ప్లాస్టిక్ వైపున ఉంటాయి, కూత వచ్చేదీ ఆ తెల్ల డొప్ప అదరడం వల్లే. కాబట్టి స్టీలు వైపు మిషన్‌కు, తెల్ల వైపు బయటికి. తెల్ల వైపు జిగురు పూసి అతికిస్తే సంకేతమూ తగ్గుతుంది, కూతా మూగబోతుంది. ట్యాగ్‌ను నేరుగా అతికించకుండా మూత తెరిచే కేసులో పెట్టి ఆ కేసును అతికించండి, లేకపోతే ఏడాదికి బ్యాటరీ మార్చేటప్పుడు అంతా పీకాల్సి వస్తుంది. మొత్తం మీద ఎం-సీల్ పూసేసినా ఇదే తంటా.

అతికించడానికి ఫెవిక్విక్ పనికిరాదు. అదురుకు పెళుసుగా విరిగిపోతుంది. 3ఎం వీహెచ్‌బీ లాంటి మందపాటి ఫోమ్ టేపు వాడండి. మిషన్ బాడీ మీద రబ్బరు తొడుగు లేని గట్టి ప్లాస్టిక్ భాగం ఎంచుకుని, గ్రీజు, సిమెంటు పొడి లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక అతికించి పదిహేను సెకన్లు గట్టిగా నొక్కి పట్టండి. వెంటనే పనికి పంపొద్దు. ఆ టేపు ఇరవై నిమిషాలకు సగం పట్టు, రోజుకు తొంభై శాతం, మూడు రోజులకు పూర్తి పట్టు ఇస్తుంది. శనివారం సాయంత్రం అతికిస్తే ఆదివారం సెలవు కలిసొస్తుంది. మిషన్‌తో వచ్చే ప్లాస్టిక్ పెట్టెల సంగతి వేరు. అవి పాలిథిన్ జాతి ప్లాస్టిక్, దేన్నీ అంటనివ్వవు. వాటికి లోపలివైపు రెండు చిన్న స్క్రూలతో గానీ రివెట్లతో గానీ కేసును బిగించాలి.

బ్రేకర్, రోటరీ హ్యామర్‌లకు బాడీ మీద ట్యాగ్ పెట్టొద్దని గట్టిగా చెప్తాం. ఆ అదురుకు బిళ్ల బ్యాటరీ స్ప్రింగు మీద కదిలి కాంటాక్టు పోతుంది, ట్యాగ్ మధ్యమధ్య చచ్చి బతుకుతుంటుంది. వీటికి పెట్టెలోనే పెట్టండి, మిషన్ పెట్టెలోకి చేరకుండా ఆ రోజు పని ముగిసినట్టు కాదని అందరికీ అలవాటు చేయండి.

ఇనుప టూల్ బాక్సు, ఇనుప బీరువా సంకేతాన్ని దాదాపు పూర్తిగా మింగేస్తాయి. లోపల పది ట్యాగ్‌లున్నా బయటి ఫోనుకు ఒకటీ వినపడకపోవచ్చు. అలాంటి పెట్టెకు ఒక ట్యాగ్‌ను బయట, అడుగు భాగంలో ప్లాస్టిక్ కేసుతో పెట్టండి. ట్యాగ్‌కూ ఇనుప రేకుకూ మధ్య కొద్దిగా ఎడం ఉంటే ఇంకా మంచిది.

బ్యాటరీ సీఆర్2032, 3 వోల్టులది. ఎయిర్‌ట్యాగ్‌లో సుమారు ఏడాది వస్తుంది. చిన్నపిల్లలు మింగకుండా చేదు పూత పూసిన బ్యాటరీలు కొన్ని వస్తున్నాయి, ఆ పూత కాంటాక్టుకు అడ్డుపడి ఎయిర్‌ట్యాగ్‌లో పనిచేయకపోవచ్చు. కొత్త బ్యాటరీ వేసినా ట్యాగ్ పలకకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఎయిర్‌ట్యాగ్‌కు ఐపీ67 రేటింగ్ ఉంది, అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది. కానీ సిమెంటు పొడి ఉన్న చేతులతో మూత తెరిచి మూస్తే అంచున పొడి చేరి ఆ భరోసా పోతుంది. ట్యాగ్‌ను తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఇంట్లో కూర్చుని మార్చండి. ఎయిర్‌ట్యాగ్ 60 డిగ్రీల వరకే తట్టుకునేలా చేసింది. మే నెల ఎండలో అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు అంతకు మించి కాలుతుంది, కాబట్టి సామాను సీటు కింద పెట్టండి.

సెట్టింగులు, పరీక్ష

గూగుల్ ట్యాగ్ కొన్నవాళ్లు చేయాల్సిన పని: సైటులో పనిచేసేవాళ్లందరి ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, గూగుల్, ఫైండ్ హబ్‌లోకి వెళ్లి, ఆఫ్‌లైన్ పరికరాలను కనుగొనే ఆప్షన్‌లో "విత్ నెట్‌వర్క్ ఇన్ ఆల్ ఏరియాస్" ఎంచుకోవాలి. అప్పుడు ఒక్క ఫోను పక్కనున్నా చోటు నమోదవుతుంది. వాచ్‌మన్ ఫోనుకు ఈ మార్పు తప్పనిసరి. ఇంకో చిక్కు కూడా చూసుకోండి. గూగుల్ ఖాతాలో "హోమ్" అని పెట్టుకున్న అడ్రసు దగ్గర ఆ ఫోను ట్యాగ్‌ల కబురు పంపదు. గోదాము అడ్రసునే హోమ్‌గా పెట్టుకున్నవాళ్ల ఫోను గోదాములో పనికిరాదన్నమాట.

ఎయిర్‌ట్యాగ్‌ను ఐఓఎస్ 17 నుంచి మరో ఐదుగురితో పంచుకోవచ్చు. మేస్త్రీ, సూపర్‌వైజర్‌ల దగ్గర ఐఫోన్లుంటే తప్పక పంచుకోండి. లేకపోతే మిషన్ మోసుకెళ్లిన ప్రతిసారీ వాళ్ల ఫోనుకు "తెలియని ట్రాకర్ మీతో పాటు వస్తోంది" అనే హెచ్చరిక వస్తుంది. ఏ మిషన్‌కు ట్యాగ్ ఉందో పనివాళ్లందరికీ నోటితో చెప్పడం కనీస మర్యాద. చెప్పకుండా పెడితే తమను కనిపెడుతున్నారని వాళ్లు నొచ్చుకుంటారు, అది న్యాయమే. ఒక యాపిల్ ఖాతాకు ఇలాంటి వస్తువులు 32 వరకే జతచేయొచ్చు.

యాప్‌లో పేరు "డ్రిల్ 1" అని కాకుండా కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు వచ్చేలా పెట్టండి. పోలీసులకు చూపించేటప్పుడు అదే ఆధారం.

బిగించాక మూడు పరీక్షలు చేయండి. ఒకటి, మిషన్‌ను పెట్టెలో పెట్టి, మూసి, పది మీటర్ల దూరం నుంచి కూత మోగించండి. వినపడకపోతే ట్యాగ్ చోటు మార్చాలి. రెండు, మిషన్ నడిపి గంట పని చేయించి మళ్లీ చూడండి, కనెక్ట్ కాకపోతే అదురు సమస్య. మూడోది అసలైనది. మిషన్‌ను రాత్రి సైటులోనే ఉంచి మీ ఫోనుతో ఇంటికి వెళ్లిపోండి. పొద్దున యాప్ తెరిచి "చివరిగా కనిపించిన సమయం" చూడండి. మీరు బయల్దేరినప్పటి సమయమే అక్కడ ఆగి ఉంటే ఆ సైటులో మీ నెట్‌వర్క్‌కు ఫోన్లు లేవని అర్థం, వేరే నెట్‌వర్క్ ట్యాగ్ ఒకటి తెచ్చి పోల్చండి. పదింటిని ఒకేసారి కొనేముందు ఒక్కో రకం ఒకటి కొని ఇలా పరీక్షించడం డబ్బు ఆదా చేస్తుంది.

రోజువారీ వాడకం తేలికే. సాయంత్రం లోడు ఆటో కదిలే ముందు యాప్ తెరిచి ఏ మిషన్ దగ్గర్లో లేదో చూడండి. ఐఫోన్‌లో, గెలాక్సీలో "వదిలేసి వెళ్తే చెప్పు" అనే ఆప్షన్ ఉంది, ఖరీదైన మిషన్లకు దాన్ని ఆన్ చేసి, గోదామును మినహాయింపు చోటుగా పెట్టండి. లేకపోతే రోజూ సామాను దించి ఇంటికి వెళ్లిన ప్రతిసారీ మోగి విసుగొచ్చి ఆపేస్తారు.

దొంగతనమైతే

ఒకరిని వాళ్లకు తెలియకుండా వెంటాడటానికి ట్యాగ్‌లు వాడుతున్నారని యాపిల్, గూగుల్ రెండూ హెచ్చరికల వ్యవస్థ పెట్టాయి. 2024 మే నుంచి ఐఫోన్లలోనూ, ఆండ్రాయిడ్ 6 ఆపైన ఫోన్లలోనూ ఎవరిదో ట్యాగ్ తమతో తిరుగుతుంటే తెలిసిపోతుంది. యజమాని నుంచి దూరమైన ఎయిర్‌ట్యాగ్ 8 నుంచి 24 గంటల మధ్య ఎప్పుడైనా, కదిలితే తనంతట తనే కూస్తుంది. అంటే దొంగకు ట్యాగ్ సంగతి తెలిసేలోపు మీకు ఉండేది కొద్ది గంటలే. కూత రాకుండా స్పీకరు పీకేయమని సలహాలిచ్చేవాళ్లుంటారు, అలా చేయొద్దు. ఆ ఏర్పాటు మనుషుల భద్రత కోసం పెట్టింది, పైగా విప్పిన ట్యాగ్‌లోకి నీళ్లు, దుమ్ము చేరతాయి.

మిషన్ లేదని తెలిసిన వెంటనే యాప్‌లో ట్యాగ్‌ను లాస్ట్ మోడ్‌లో (పోయినట్టు గుర్తు పెట్టే ఆప్షన్) పెట్టి, మ్యాపును సమయంతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. చోటు మారినప్పుడల్లా ఇంకోటి. ఒక ఇంటి మీదే ఆగిన చుక్క కూడా పక్కింటిది కావచ్చు, అది సంకేతాన్ని పట్టుకున్న ఫోను ఉన్న చోటే తప్ప ట్యాగ్ ఉన్న చోటు ఖచ్చితంగా కాదు. ఆ తలుపు కొట్టడానికి మీరు ఒంటరిగా వెళ్లొద్దు. స్క్రీన్‌షాట్లు, బిల్లు, సీరియల్ నంబరు ఉన్న ప్లేటు ఫొటో తీసుకుని స్టేషన్‌కు వెళ్లండి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

బిల్లు ఎందుకంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కింద ఐదు వేల లోపు విలువైన దొంగతనం తేలిక నేరంగా పరిగణిస్తారు, పోలీసులు తమంతట తాము దర్యాప్తు మొదలుపెట్టేది కాదు. మూడు మిషన్లు ఒకేసారి పోతే మూడింటి విలువనూ కలిపి ఫిర్యాదులో రాయండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం కొన్న రోజే చేయాల్సిన పని. ప్లేటు చెరిపేసినా నిలిచేలా గేర్ తల అల్యూమినియం మీద ఎన్‌గ్రేవర్‌తో మీ గుర్తు చెక్కించండి. ట్యాగ్ పీకి పారేసి, ప్లేటూ చెరిపేశాక మిషన్ మీదేనని చెప్పగలిగేది అదొక్కటే.

మిషన్ దొరికాక కూడా వెంటనే చేతికి రాదు. పోలీసులు స్వాధీనం చేసుకున్న సొత్తుగా అది కోర్టు లెక్కలోకి వెళ్తుంది. కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 497 లేదా 503 సెక్షన్ కింద తాత్కాలికంగా అప్పగించమని మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి జతచేయాల్సినవి మళ్లీ బిల్లు, సీరియల్ నంబరు ఫొటోలే.